పిడికెడు బియ్యం సంచి

కర్నూలులో మా వీధి చివరి అంగడి నుంచి తెచ్చిన బియ్యం మూట కుట్టు విప్పగానే, గోనె వాసనతో పాటు సన్నటి తవుడు వాసన ముక్కుకు తగులుతుంది. లోపల చేయి పెట్టి చూస్తే అన్నీ ఒకే పొడుగు, ఒకే తెలుపు గింజలు. అవి చూసినప్పుడల్లా నాకు సిగ్గు ముంచుకొస్తుంది. ఆ సిగ్గు ఎందుకన్నది ఇంట్లో వాళ్లకు ఇంతవరకూ చెప్పలేదు.

నేను పెరిగింది బేతంచెర్ల దగ్గర, బండల గనులకూ పాలిష్ ఫ్యాక్టరీలకూ మధ్యన ఉన్న చిన్న పేటలో. ఫ్యాక్టరీల నుంచి పారే సున్నంలాంటి నీళ్లు బాట పక్కనే ఎండి తెల్లటి పెచ్చులు కట్టేవి. లారీ పోయినప్పుడల్లా ఆ దుమ్ము లేచి వేపచెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, మా నోళ్లలో పడేది. గనికి పోయిన నాయన, ఫ్యాక్టరీకి పోయిన అమ్మ, సాయంత్రం కనుబొమలు నెరిసిన ముసలివాళ్లలా ఇల్లు చేరేవాళ్లు. ఆడపిల్లలం అరిగి నున్నబడ్డ బండముక్కలు ఏరుకుని అచ్చనగండ్లు ఆడేవాళ్లం. క్రిస్మస్ ముందర వారమంతా కర్జికాయలు వేగే నూనె వాసన, గోడలకు కొత్తగా కొట్టిన సున్నం వాసన కలిసిపోయి, ఆకలవుతోందో పండగవుతోందో తెలియకుండా తిరిగేవాళ్లం. నాయనను కన్న మా జేజికి అక్షరం ముక్క రాదు. అయినా పొద్దున్నే నాతో బైబిలు చదివించుకునేది. ఆటకు తొందరై నేను ఒక్క వరుస దాటేశానా, ఎలా పసిగట్టేదో, గడ్డం పట్టుకుని మళ్లీ మొదటికి తెచ్చేది.

మా సంఘంలో ఒక వాడుక ఉండేది. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని పేరుతో గుడ్డసంచిలో వేసేవాళ్లు. ఆదివారం ఆ సంచులు మోసుకుపోయి చర్చి వాకిట్లో ఉన్న గంపలో పోయడం పిల్లల పని. గంప పక్కన పీట వేసుకుని సంఘపెద్ద దానమయ్య కూర్చునేవాడు. ఆరాధన అయ్యాక ఆ గంప, ఆ వారం ఏ ఇంట్లో జరుగుబాటు కష్టంగా ఉందో ఆ ఇంటికి పోయేది. అందరి ఇళ్ల బియ్యమూ కలవడం వల్ల అందులో లావు గింజలు, సన్నవి, నూకలు, రేషను స్టోరు బియ్యం, అన్నీ ఉండేవి.

నాకు పదేళ్లప్పుడు గనిలో బండ జారి నాయన కాలు నుజ్జయింది. ఆయనను చూసుకోవడానికి అమ్మ పని మానింది. ఆ ఆదివారం దానమయ్య గంపను తన భుజం మీద మోసుకొచ్చి మా వంటింట్లో దించాడు. ఆ బియ్యం ఎంత జాగ్రత్తగా వండినా కొన్ని గింజలు మెతుకు విరిగిపోయేవి, కొన్ని పలుకుగానే మిగిలేవి. బడిలో అన్నం డబ్బా తెరిస్తే దానమయ్య మనమరాలు రూతు తొంగి చూసి, మెల్లగా, "ఈ ఎర్రగింజలు మా ఇంటివి గదమే?" అంది. ఎగతాళికి అనలేదు, ఊరికే గుర్తుపట్టి అంది. నాకు మాత్రం ఒళ్లంతా మండిపోయింది. డబ్బా మూసేశాను. ఆ తర్వాత గోడ వైపు తిరిగి తినేదాన్ని.

ఆ వారమంతా జేజి ఆ బియ్యంలో నుంచే మళ్లీ పూటపూటా పిడికెడు తీసింది. ఆదివారం సంచి నా చేతికిస్తే నాకు ఏడుపొక్కటే తక్కువ.

"వాళ్ల బియ్యం వాళ్లకే తీసుకపోతే నగరా జేజీ?"

"వాళ్లు దేవునికిచ్చినారు, దేవుడు మనకిచ్చినాడు. మనం దేవునికిస్తాండాం. దీంట్లో నగేదానికి ఏముండాది? పోమ్మా, గంట కొడ్తాండారు."

నేను చర్చికి తిన్నగా పోలేదు. ఫ్యాక్టరీ వెనక, పగిలిన బండలు పారేసిన చోటికి పోయి సంచి బోర్లించాను. తెల్లటి పెచ్చుల మీద ఆ ఎర్రగింజలు నాలుగు కనబడుతుంటే కాలితో తొక్కి దుమ్ములో కలిపేశాను. గంప దగ్గర చాలామంది పిల్లలుంటే పక్కనుంచి దూరి లోపలికి పోయి, వెనక మెల్లగా నడుచుకుంటూ వచ్చిన జేజి చేతిలో ఖాళీ సంచి మడిచి పెట్టాను.

దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరే లేచి సాక్ష్యంగా చెప్పే వేళకు జేజి లేచింది. ఆమె ఎన్నడూ అలా లేచి ఎరగదు. కొంగు నెత్తిన సర్దుకుని, "పనికి పోయే కాలు పడిపోయినా, ఈ వారం గూడా మా ఇంట్లో దేవునికి పిడికెడు తీసే భాగ్యం తప్పలేదు. నా మనమరాలు దాని చేత్తోనే పోసొచ్చింది," అంది. అందరూ స్తోత్రం అన్నారు. దానమయ్య నా వైపు చూశాడు. నేను పోయలేదని ఆ చర్చిలో తెలిసిన మనిషి, గంప పక్కన కూర్చున్న ఆయనొక్కడే. తల వంచి, ఆయనా స్తోత్రం అన్నాడు. ఆ రోజే కాదు, ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. జేజి ఆ మాట నిజమనుకునే కన్నుమూసింది.

ఇప్పుడు ఆ పేటలో సగం ఇళ్లు ఖాళీ. చర్చికి కొత్తగా మిద్దె వేశారు, వాకిట్లో గంప లేదు, కానుకలు ఫోనులోనే పోతున్నాయి. కర్నూలులో మా చర్చి స్త్రీల సమాజానికి నేను పెద్దను. మొన్న కూటంలో ఇవ్వడం గురించి మాట్లాడమంటే జేజి కథ చెప్పాను. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరమ్మగారు నా చేతులు పట్టుకుని అలాంటి ఇంట్లో పుట్టడం అదృష్టమన్నారు.

"ఆ ఆదివారం సంచి నేనే తీసుకుపోయి గంపలో పోశాను" అని వాళ్లకు చెప్పాను. ఆ సంగతి నన్ను ఎవరూ అడగను కూడా లేదు.