మాది కాదు సారూ

మొన్న ఆదివారం బెల్లంపల్లి బస్టాండులో దిగగానే ఆ ఫ్లెక్సీ కనిపించింది. పదకొండేళ్ల పోరాటం ఫలించిందనీ, మన గుడి మనకు వచ్చిందనీ పెద్ద అక్షరాలు. కింద వరసగా సంఘ పెద్దల ముఖాలు. అందులో ఒకాయన ఆ పదకొండేళ్లలో తొమ్మిదేళ్లు దుబాయిలో ఉన్నాడు, అక్కడినుంచే పోరాడి ఉంటాడు. మా బాపు ఫొటో ఉండదని నాకు తెలుసు. అయినా ఎండలో నిలబడి ఒక్కో ముఖమే చూశాను.

బాపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఆరు రోజులు భూమి కింద, ఏడో రోజు గుడిలో. చర్చి అనే మాట మావాళ్లకు కాగితాల మీద రాయడానికే, నోటితో అనేది గుడి అనే. బొగ్గు దుమ్ము ఆ గుడిని కూడా వదిలేది కాదు. శనివారం సాయంత్రం ఆడవాళ్లు తడిబట్టతో బల్లలు తుడిచిపోయేవాళ్లు, అయినా తెల్లారి తెల్లచీరలతో వచ్చి కూర్చుని లేచేసరికి వెనక నల్లటి చారలు పడేవి. ఆరాధనకు ముందు పిల్లలకు ఆదివారపు బడి బాపుదే. "గుడి ఎవలది?" అని అడిగేవాడు. "దేవునిది!" అని అరిచేవాళ్లం. "మరి మనం ఎవలం?" "పనోళ్లం!" గట్టిగా అరిచినవాళ్లకు దోసెడు పుట్నాలు. మేం పుట్నాల కోసం అరిచేవాళ్లం. బాపు మాత్రం నిజంగానే నమ్మాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

తర్వాత సంఘం చీలింది. విడిపోయినవాళ్లు ఒక కమిటీ పెట్టుకుని, గుడి కాగితాలు తమ పేరిటే ఉన్నాయన్నారు. రోడ్డు వైపు గోడ పడగొట్టి దుకాణాలకు మడిగెలు కట్టి కిరాయికి ఇవ్వాలని వాళ్ల ఆలోచన. మాటామాటా పెరిగి కొట్లాట దాకా పోయేసరికి గుడికి తాళం పడింది, కేసు కోర్టుకెక్కింది. మా తరఫున సాక్షి కావలసి వచ్చింది. అందరికంటే పాతవాడు, అబద్ధమాడడని పేరున్నవాడు బాపు. మా వకీలు మూడుసార్లు చెప్పాడు. "ఎవలడిగినా మా సంఘానిది అను పెద్దమనిషీ, గంతే." బాపు మూడుసార్లూ తల ఊపాడు.

కోర్టుకు నేనూ వెంట వెళ్లాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని బోనులో నిలబడి, దేవుని సాక్షిగా నిజమే చెబుతానన్నాడు. అవతలి వకీలు చాలా మెత్తగా అడిగాడు, "పెద్దాయనా, ఆ గుడి ఎవరిది?" బాపు చేతులు కట్టుకుని, అచ్చం ఆదివారపు బడి గొంతుతో "దేవునిది సారూ" అన్నాడు.

"అంటే మీ సంఘానిది కాదా?"

మా వకీలు లేవబోయాడు. బాపు అటు చూడనేలేదు. "మాది కాదు సారూ. మేం పనోళ్లం."

రాసుకున్నారు, కింద సంతకం పెట్టించుకున్నారు. బయట హోటల్లో చాయ్ తాగుతూ, "మంచిగనే చెప్పిన గదా బిడ్డా?" అని అడిగాడు. చెప్పినవ్ బాపూ అన్నాను. ఇంకేమనను?

ఆ కోర్టులో ఓడిపోయాం. పైకోర్టుకు పోయాం, అక్కడ తేలేదాకా గుడి తాళం అలాగే ఉంది. సంఘమంతా ఒకరి పెరట్లో రేకుల షెడ్డు కిందికి చేరింది, ఆ షెడ్డులో పడ్డ ప్రతి చెమటచుక్కకూ బాపే కారణమైపోయాడు. పిల్లల బడి ఆయన చేతిలోంచి తీసేశారు. పేరు కూడా మార్చేశారు. "అగో, మాదికాదు వస్తుండు" అని నవ్వేవాళ్లు. మొదట వెనక వరసలో కూర్చున్నాడు, తర్వాత గేటు దగ్గర, ఆ తర్వాత రావడమే మానేశాడు. ఒకసారి అవ్వను, అంటే మా అమ్మను, అడిగాడట, "దేవుని మీద ఒట్టేసి అబద్ధం చెప్పాల్నానే?" అని. కేసు ఓడిన నాలుగో ఏడు బాపు పోయాడు. పెట్టెను గుడి గేటు ముందు ఒక్క నిమిషం దించమన్నాను. "తాళమేసిన గుడి ముందట ఎందుకు? ఎండ కొడుతుంది, నడువుండ్రి" అన్నాడు సంఘ పెద్ద. ఆయన్ని నేను క్షమించలేదు. ప్రార్థనలో క్షమించడం గురించిన మాట వచ్చినప్పుడల్లా నోరు మూసుకుంటాను.

పోయిన నెల హైదరాబాదు వకీలు ఫోను చేసి, పైకోర్టులో గెలిచామన్నాడు. "మీ నాన్నగారి సాక్ష్యమే మనల్ని నిలబెట్టిందండీ" అన్నాడు. తీర్పు కాపీ తెప్పించుకుని చదివాను. ఈ స్థలం దేవునిదనీ తాము పనివాళ్లమేననీ అందరికంటే పాత సభ్యుడే చెప్పాడు కాబట్టి, ఇది ఆరాధన కోసం ఉన్న స్థలమనీ, ఏ కమిటీ కూడా సొంత ఆస్తిగా వాడుకోవడానికి వీల్లేదనీ, మొదటినుంచీ అక్కడ ఆరాధిస్తున్నవాళ్లకే తాళాలు ఇవ్వాలనీ జడ్జిగారు రాశారు. ఆ పేజీ అవ్వకు చదివి వినిపించాను. సంఘంలో కూడా చదివిస్తానని మాటిచ్చాను.

మొన్న ఆదివారం గుడి నిండిపోయింది. పేజీ చేతిలో పట్టుకుని సంఘ పెద్ద దగ్గరికి వెళ్లాను. ఎండ కొడుతుందన్న ఆ మనిషే. "ఎందుకు బిడ్డా పాత ముచ్చట్లు? అందరు సంబురంల ఉన్నరు" అని, మైకు అందుకుని వకీలుకు, నాయకులకు, ఆఖరికి టెంటు హౌసువాళ్లకు కూడా వందనాలు చెప్పాడు. వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాను. అవ్వకు చెవులు సరిగ్గా వినిపించవు. నా చెయ్యి పట్టుకుని, "చదివిండ్రా బిడ్డా? మీ బాపు పేరు వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందే అవ్వా" అన్నాను, ఆమె చెవి దగ్గర, గట్టిగా.

కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాపు కోర్టులో ఆడలేని అబద్ధాన్ని నేను గుడిలో ఆడాను. కోర్టుకు ఆయన మాట అర్థం కావడానికి పదకొండేళ్లు పట్టింది, మావాళ్లకు ఇంకెన్నేళ్లు పడుతుందో తెలియదు. అవ్వకు ఎనభై దాటాయి, అన్నేళ్లు ఆమె దగ్గర లేవు.