రోజుకో అంగుళం, రోజుకో ధన్యవాదం

కటింగ్ మాస్టరుకు కొత్త సంవత్సరం పడదు. కొందరికి దుమ్ము పడనట్టే. ఒకటో తేదీ పొద్దున్నే ఆయనలో రెండు లక్షణాలు బయటపడతాయి. దేనికో ఒకదానికి ధన్యవాదాలు చెప్పాలి, ఏదో ఒకదాన్ని అంగుళం మేర బాగుచేయాలి. "బాగుపడాలంటే కొండలు పిండి కొట్టక్కర్లేదు. రోజుకో అంగుళం చాలు," అంటాడు. అందుకే కుట్టుశాలలో పదిమందీ ఆయన్ని వెనకాల అంగుళం మాస్టరంటారు. ఎదురుగా మాత్రం మాస్టారూ అంటారు. ఏటా ఈ జబ్బు మూడో రోజుకల్లా దానంతటదే నెమ్మదించేది. ఈ ఏడు నెమ్మదించలేదు.

మొదటి ధన్యవాదం ఇస్త్రీ బాబాయి మీద పడింది.

"బాబాయ్, నీకు ధన్యవాదాలు."

బాబాయి పెట్టెను పక్కన పెట్టేశాడు. ఏటా ఆ మాట వస్తువులకే దక్కేది. ఆ కుట్టుశాలలో మనిషికి అంతకుముందు ఒక్కసారే వినిపించింది. కాలర్లు కుట్టే పెద్దాయనను గోడ గడియారం చేతికిచ్చి ఇంటికి పంపించిన రోజున.

"నన్ను తీసేస్తున్నారా మాస్టారూ?"

"లేదయ్యా. పదకొండేళ్ళలో ఒక్క చొక్కా కాల్చలేదు, అందుకని."

"ఒకటి కాల్చాను."

"తెలుసు. దానికి కాదు."

బాబాయికి నమ్మకం కుదరలేదు. ఆ రోజంతా గోడ గడియారం కోసం మాస్టరు బల్ల కింద వెతుకుతూనే ఉన్నాడు.

కాజాలక్క ఇదంతా చూసి నవ్వలేదు. ఆమె గుబులు ఆమెది. ఇరవై రెండేళ్ళుగా ఆ కుట్టుశాలలో చేత్తో కాజాలు కుట్టేది ఆమే. కావలివాళ్ళ చొక్కాలకీ, నర్సుల కోట్లకీ బొత్తం పట్టే ప్రతి కన్నం ఆమె చేతిదే. కిందటి నెలలో ఆమె కుట్టినవి రెండు తిరిగి వచ్చాయి. ఒకదానికి కాజా ఇక్కడుంటే బొత్తం పక్క వీధిలో ఉంది. యజమాని రెండు చొక్కాలూ ఎత్తి చూపించి, "మూడోది వచ్చిందంటే కాజాలు బయట ఇచ్చేస్తాను," అన్నాడు. ఇలా ఎందుకవుతోందో ఆమెకు తెలుసు. దగ్గరి వస్తువులు పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పలేదు.

రెండో రోజు ధన్యవాదం పెద్ద కత్తెరకు వెళ్ళింది. మూడో రోజు దర్జీ వదినకు. ఆమె తెలివైనది, వెంటనే సగం రోజు సెలవు అడిగింది. మాస్టరు ధన్యవాదం వెనక్కి తీసుకున్నాడు. నాలుగో రోజు చీపురుకు చెప్పాడు. చీపురు ఏమీ అడగలేదు.

బాగుచేయడం మాత్రం మొదటి రోజు నుంచీ కాజాలక్క బల్ల చుట్టూనే తిరిగింది. పొద్దున్నే వచ్చి దాన్ని కిటికీ ఉన్న గోడ వైపు అంగుళం జరిపేవాడు.

"ఎందుకు మాస్టారూ ఇది?"

"నేల అరిగిపోతోంది అక్కడ."

"రాతి నేలండీ."

"అందుకే నెమ్మదిగా అరుగుతోంది."

తర్వాత కొత్త నియమం వచ్చింది. పొద్దున్న రాగానే మనిషికి అయిదు సూదులకు దారం ఎక్కించి, కాజాలక్క బల్ల మీది దిండుకు గుచ్చాలి. అదయ్యాకే కబుర్లు.

"మిషన్ మీద కుట్టేవాళ్ళం, మాకెందుకు మాస్టారూ చేతి సూదులు?" అంది దర్జీ వదిన.

"ఏకాగ్రత కోసం."

"మరి కాజాలక్కకి?"

"ఆవిడకి ఉంది."

ఆపైన నల్ల చొక్కాల నియమం. ముదురు రంగులన్నీ మధ్యాహ్నంలోపే కుట్టాలి, తెల్లవి సాయంత్రం. నల్ల రంగు పొద్దున్నపూట చురుగ్గా ఉంటుందని ఆయన సిద్ధాంతం. యజమాని ఆ మాట విని కాసేపు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా అందకపోయేసరికి ఒప్పుకున్నాడు. కాజా పడాల్సిన చోట సన్నగా గీసే సుద్ద గీత కూడా లావెక్కింది, రోడ్డు మధ్య గీసే తెల్ల చారంత.

నెల సగమయ్యేసరికి ధన్యవాదాలు ముఖానికి నీళ్ళు కొట్టుకున్నంత మామూలైపోయాయి. బాబాయికి రెండోసారి కూడా అందింది. ఫ్యానుకు, తలుపు గడియకు, బొత్తాల డబ్బా మూతకు అందాయి. కాజాలక్కకు మాత్రం రాలేదు. మొదట్లో తన వంతు ఎక్కడ వస్తుందోనని బెదిరిన మనిషి, ఇప్పుడు ఎందుకు రావడం లేదని హడలిపోసాగింది. తీసేసే మనిషికి ముఖం చూసి ధన్యవాదాలు చెప్పడానికి ఆయనకు నోరు రావడం లేదేమో. బల్లను రోజుకో అంగుళం గోడ వైపు నెడుతున్నది, ఆ గోడ పక్కనున్న తలుపు దాకా తీసుకెళ్ళడానికేమో.

నెలాఖరున యజమాని వచ్చి గది మధ్యలో నిలబడ్డాడు. కాజాలక్క సూది ఆపేసింది.

"ఈ నెల ఒక్క చొక్కా కూడా తిరిగి రాలేదు," అన్నాడాయన. అంత మంచి వార్త చెప్పడం అలవాటు లేక కాసేపు అలాగే నిలబడి, వెళ్ళిపోయాడు.

అందరూ భోజనానికి లేచారు. కాజాలక్క లేవలేదు.

"మాస్టారూ, ఒక మాట. బొత్తాల డబ్బా మూతకి కూడా చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?"

"పని సగంలో ఉండగా ఎవరైనా చెప్తారా?"

"నా పని ఎప్పటికప్పుడు అయిపోతోందిగా."

"నీ పని కాదు, నా పని. బల్ల ఇవాళ్టికి గోడకు తగిలింది. ఇంక జరిపితే వీధిలో కూర్చోవాలి నువ్వు." టేపు మెడలోంచి తీసి మడతపెట్టాడు. "నా చేతనైనంత వెలుతురు తెచ్చాను అమ్మాయ్. మిగతాది కళ్ళజోడు చూసుకోవాలి."

కాజాలక్క దిండు మీది సూదుల వైపు చూసింది. సూదులు, నల్ల చొక్కాలు, సుద్ద గీత ఒక్కొక్కటే వచ్చి ఆమె ముందు వరసలో నిలబడ్డాయి.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"కోటు తొడిగిన బొమ్మను పట్టుకుని, బాబాయ్ టీ తాగావా అని అడిగావే, ఆ రోజు."

"ఎవరూ చూడలేదనుకున్నాను!"

"బొమ్మ చూసింది. ఎవరికీ చెప్పొద్దని దాన్ని బతిమాలుకున్నాను."

"కళ్ళజోడు పెట్టుకుంటే అందరికీ తెలిసిపోతుంది మాస్టారూ. చూపు పోయిందని యజమాని..."

"తిరిగి రాని చొక్కాలను చూస్తాడు ఆయన, నీ ముక్కును కాదు. ఇక అందరి సంగతంటావా, దర్జీ వదిన రోజూ అయిదు బదులు ఎనిమిది గుచ్చుతోంది. ఎవరు చెప్పారు ఆమెకి? నేనైతే చెప్పలేదు."

ఆ తర్వాత మూడో రోజు కాజాలక్క కళ్ళజోడుతో వచ్చింది. అందరూ ఒకేసారి తమ మిషన్లలో ఏదో వెతుక్కున్నారు. ఆమె గదిని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొత్త ఇల్లు చూసినట్టు చూసింది. చూపు మాస్టరు దగ్గరికి వచ్చి ఆగింది.

"మాస్టారూ, మీ చొక్కా రెండో బొత్తం మూడో కాజాలో ఉంది."

"ఎక్కడా?" ఆయన గడ్డం వంచి చూసుకున్నాడు. బాగానే ఉన్నట్టనిపించింది. అంచును పైకెత్తి ముక్కు దాకా తెచ్చుకున్నాడు, చేయి చాపి దూరం పెట్టి చూశాడు. "అంతా సరిగ్గానే ఉందే?"

గదిలో మిషన్లు ఆగిపోయాయి.

"మీరు కళ్ళు ఎప్పుడు చూపించుకున్నారు మాస్టారూ?"

"కటింగ్ మాస్టరుకు కళ్ళజోడేమిటి, ఎవరైనా వింటే నవ్విపోతారు."

"రేపు పదింటికి వెళ్దాం. నేనూ వస్తాను."

"దారి నాకు తెలుసమ్మాయ్, నువ్వెందుకు?"

"దారి పొడుగునా బట్టల దుకాణాలండీ," అంది కాజాలక్క సూదిలో దారం తనే ఎక్కించుకుంటూ. "ముందు బొమ్మలు నిలబెట్టి ఉంటారు. ఒక్కొక్కరినీ టీ అయిందా అని అడుగుతూ పోతే మీకు పొద్దుపోతుంది."