మొదటి వారం, రెండో రోజు

స్టూరె ఇంట్లో జాము సీసాకి కూడా పుట్టిన ఘడియ రాసి ఉంటుంది. ఫ్రీజరు తలుపు తీస్తే అడవిపళ్ళ జాము సీసాలు వరసగా నిలబడి కనిపిస్తాయి. ఒక్కోదాని నుదుటి మీద సంవత్సరం, ఎన్నో వారం, వారంలో ఎన్నో రోజు, ఏ గంటకి పొయ్యి మీంచి దించారు అన్నీ ఉంటాయి. "రొట్టె మీద రాసుకునే ముందు దీన్ని పేరు పెట్టి పిలవాలా ఏంటి?" అంటుంది బార్బ్రో. నలభై నాలుగేళ్ళుగా ఆవిడ అతని భార్య.

వారాల పిచ్చి స్వీడన్‌లో అందరికీ ఉన్నదే, కాదనను. పళ్ళ డాక్టరమ్మ నలభై ఒకటో వారంలో రమ్మంటుంది. అందరూ వేసవి సెలవుల్లో ఉండే ఇరవై తొమ్మిదో వారంలో నీళ్ళ గొట్టం పగిలిందా, ఇక అంతే సంగతులు, ఊళ్ళో ఒక్క ప్లంబరు దొరకడు. కానీ తేదీ అనేది కూడా ఒకటుందని మేమంతా గుర్తుంచుకున్నాం. స్టూరె దాన్ని పూర్తిగా వదిలేశాడు. పెళ్ళాం పుట్టినరోజుని ముప్ఫై రెండో వారం, నాలుగో రోజు అని బుర్రలో వేసుకున్నాడు. అది ఏడాదికో తేదీకి జరుగుతుంది, పాపం ఆవిడా దాంతోపాటే జరుగుతుంది. "మా అమ్మ నన్ను ఒక్కసారే కంది. ఆ తర్వాత నువ్వెప్పుడు పుట్టమంటే అప్పుడు పుడుతున్నాను," అంటుంది బార్బ్రో, కేకు కోస్తూ.

మున్సిపాలిటీ కొలతల విభాగంలో ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి ఊరికే కూర్చోగలడా? ఊరి పక్షుల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఆ సంఘంలో ఏటా ఒక పోటీ ఉంది. జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్ఫై ఒకటి దాకా ఎవరు ఎక్కువ రకాల పక్షుల్ని చూసి ఫోటో తీస్తే వాళ్ళ పేరు సంఘం గుడిసెలో గోడమీది చెక్కపలక మీద కాల్చి రాస్తారు. ఇంతకుమించి ఏమీ ఇవ్వరు. ఆ పేరు కోసమే పెద్దపెద్దవాళ్ళు మురికినీళ్ళ శుద్ధి ప్లాంటు కంచె పట్టుకుని గంటలకొద్దీ చలిలో నిలబడతారు. పలక మీద సిక్స్‌టెన్ పేరు తొమ్మిదిసార్లు ఉంది. స్టూరె పేరు ఒక్కసారీ లేదు. తన పేరు అక్కడ చూసుకోవాలన్న కోరిక అతను ఎవరికీ చెప్పలేదు. బార్బ్రోకి మాత్రం తెలుసు, ఎందుకంటే గుడిసెకి వెళ్ళిన ప్రతిసారీ ఆ పలకని తుడిచేది అతనే.

సిక్స్‌టెన్ బస్సు డ్రైవరుగా చేశాడు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఫోటోలకి అతను పెట్టే పేర్లు చూస్తే స్టూరెకి ఒళ్ళు మండేది. "గుడ్లగూబ", "గుడ్లగూబ కొత్తది", "గుడ్లగూబ ఇదే నిజం". ఇలాంటివి సంఘం కంప్యూటర్లో ముప్ఫై వేలు పోగయ్యాయి. అప్పుడు స్టూరె ఫైళ్ళ పేర్లు మార్చే ప్రోగ్రాం ఒకటి తెచ్చాడు. అది 2019 శరత్కాలం.

ఆ ప్రోగ్రాంలో ఒక ఖాళీ పెట్టె ఉంటుంది. పేరులో ఏది ముందు రావాలి, ఏది వెనక రావాలి అన్నది అందులో గుర్తులతో చెప్పాలి. ఫోటో తీసిన సమయాన్ని ప్రోగ్రాం తనే చదువుకుని ఆ వరసలో పేరు పెట్టేస్తుంది. మామూలు మనిషైతే సంవత్సరం, నెల, తేదీ అని రాసి కాఫీకి లేస్తాడు. మన స్టూరె పదకొండు రోజులు ఆ పెట్టె ముందు కూర్చున్నాడు. సంవత్సరానికి రెండు గుర్తులున్నాయి. ఒకటి మామూలు సంవత్సరం, రెండోది వారాలతో వాడే సంవత్సరం. స్టూరె వారాల మనిషి కదా, రెండోది నొక్కాడు. తర్వాత సంఘానికి పద్నాలుగు నియమాలు రాసి పెట్టాడు. ఏడో నియమం ఇది: "ఫైలు పేరులో ఏ సంవత్సరం ఉంటే పక్షి ఆ సంవత్సరానికే చెందుతుంది. సభ్యుల జ్ఞాపకశక్తి పరిగణనలోకి రాదు." అందరూ బన్నులు తింటూ చేతులెత్తి ఆమోదించారు.

2020 జనవరి వార్షిక సమావేశంలోనే గొడవ వచ్చింది. సిక్స్‌టెన్ తీసిన మంచు గుడ్లగూబ ఫైలు పేరు 2020 అని మొదలైంది. మొదటి వారం, రెండో రోజు. అది 2019లోది కాదు కాబట్టి లెక్కలోంచి పోయింది, ఒక్క పక్షి తేడాతో పలక మీదికి అధ్యక్షురాలు డాగ్నీ పేరు ఎక్కింది.

"పాత ఏడాది చివరి రోజున చూశాను స్టూరే. పండక్కి చేపలు కొనుక్కుని వస్తూ చూశాను. చేపల సంచీ చేతిలోనే ఉంది," అన్నాడు సిక్స్‌టెన్.

"ఫైలు అబద్ధం ఆడదు. బుర్ర ఆడుతుంది. వయసు మీద పడుతోంది, ఒకసారి చూపించుకో," అన్నాడు స్టూరె. అందరి ముందూ అన్నాడు.

సిక్స్‌టెన్ ఆ రోజు నవ్వలేదు. వాళ్ళమ్మ చివరి రోజుల్లో కన్నకొడుకునే గుర్తుపట్టకుండా పోయింది. అతను వెళ్ళి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకున్నాడు. అంతా బానే ఉందని డాక్టరు చెప్పినా నమ్మలేదు. కారు తాళాలు కూతురి చేతిలో పెట్టేసి సైకిలెక్కాడు. అప్పటినుంచి అతని చొక్కా జేబులో ఒక నోటుపుస్తకం, దారానికి కట్టిన పెన్సిలూ ఉంటున్నాయి. ఏదైనా చెబితే ముందు రాసుకుని ఆ తర్వాతే తలాడిస్తాడు.

ఐదేళ్ళు గడిచాయి. 2024 డిసెంబరు చివరికి స్టూరెవి రెండువందల పదకొండు పక్షులు, సైకిలు తొక్కుకుంటూ తిరిగిన సిక్స్‌టెన్‌వీ రెండువందల పదకొండే. సమానమైతే ఆ ఏడు పలక ఖాళీ. డిసెంబరు ముప్ఫై, సోమవారం మధ్యాహ్నం, శుద్ధి ప్లాంటు వెనక కరెంటు స్తంభం మీద ఒక డేగ గుడ్లగూబ కూర్చుని స్టూరె వైపే చూసింది. నలభై ఫోటోలు తీశాడు. ఇంటికొచ్చి బూట్లైనా విప్పకుండా కార్డు కంప్యూటర్లో పెట్టాడు.

ప్రోగ్రాం నలభై ఫోటోలకీ పేర్లు పెట్టింది. 2025, మొదటి వారం, మొదటి రోజు.

"కెమెరా గడియారం చెడిపోయింది," అన్నాడు స్టూరె. చెడిపోలేదు. కంప్యూటరు గడియారం చూశాడు, అదీ సరిగ్గానే ఉంది.

బార్బ్రో వంటగది గోడమీది క్యాలెండరు తీసుకొచ్చి అతని ముందు పెట్టింది. "ఇదిగో, ఈ వారంలో ఎక్కువ రోజులు కొత్త ఏడాదిలో ఉన్నాయి. అందుకని వారం మొత్తాన్నీ కొత్త ఏడాది పద్దులో వేసేశారు. మొదటి వారం ఈ రోజే మొదలైంది. వారాల సంవత్సరం కావాలన్నది నువ్వే కదా."

ఆ క్యాలెండరు ఏటా అదే గోడకి వేలాడుతోంది. స్టూరె దాన్ని చూస్తూ ఉండిపోయాడు. మొదటి వారం, రెండో రోజు అన్న మాట ఎక్కడినుంచో వచ్చి చెవిలో పడింది. పాత క్యాలెండర్లన్నీ అటక మీద వరసగా దాచింది కూడా ఈ మహానుభావుడే. ఎక్కి 2020ది దించాడు. మొదటి వారం, రెండో రోజు అంటే మంగళవారం. దాని పక్కన డిసెంబరు ముప్ఫై ఒకటి అని ఉంది. సరిగ్గా సిక్స్‌టెన్ చెప్పిన రోజే.

"ఏమైంది?" అంది బార్బ్రో.

"ఏం లేదు. గుడ్లగూబ పేరు చేత్తో మారుస్తాను."

మార్చాడు. తన నలభై ఫోటోలకీ 2024 అని పెట్టుకున్నాడు. సిక్స్‌టెన్ పాత ఫైలుని ముట్టుకోలేదు. పద్నాలుగు నియమాలు రాసిన పెద్దమనిషి, అడిగేవాళ్ళు లేరు కదా అని పదిహేనోది తన కోసం రాసుకున్నాడు.

జనవరి సమావేశంలో డాగ్నీ లేచి, "రెండువందల పన్నెండు. ఈసారి స్టూరె," అంది. గుడిసెలో ఇరవైమంది చప్పట్లు కొట్టారు. కుర్చీలు తప్పించుకుంటూ అందరికంటే ముందు వచ్చింది సిక్స్‌టెన్. స్టూరె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నీకు రావాల్సిందేనయ్యా. నాలా చిల్లుపడ్డ బుర్ర కాదు నీది. నువ్వు ఆ రోజు ముఖం మీద చెప్పకపోతే నేను ఇంకా కారు వేసుకుని తిరుగుతుండేవాణ్ణేమో, ఎవర్ని గుద్దేవాణ్ణో."

స్టూరె చెయ్యి వెనక్కి తీసుకుందామన్నా సిక్స్‌టెన్ వదల్లేదు.

"సిక్స్‌టెన్, కూర్చో," అన్నాడు చివరికి. "నువ్వు ఆ గుడ్లగూబని డిసెంబరు ముప్ఫై ఒకటినే చూశావు."

స్టూరె అంతా చెప్పాడు. రెండు గుర్తులు, తాను నొక్కిన తప్పు గుర్తు, తన గుడ్లగూబకి చేత్తో మార్చిన పేరు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ నేలనే చూశాడు.

"అయితే 2019 పలక మీద నా పేరు గీకేయండి. అక్కడ ఉండాల్సింది సిక్స్‌టెన్," అంది డాగ్నీ.

సిక్స్‌టెన్ పలక వైపు చూడను కూడా లేదు. చాలాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "చేపల సంచీ," అన్నాడు మెల్లగా. "చేపల సంచీ చేతిలోనే ఉందని చెప్పాను కదా."

"చెప్పావు."

"ఐదేళ్ళు, స్టూరే. పొద్దున లేచి మా అమ్మాయి పేరు పైకి అనుకుని చూసుకునేవాణ్ణి, ఇంకా గుర్తుందా లేదా అని."

సిక్స్‌టెన్ జేబులోంచి నోటుపుస్తకం తీసి, దారంతో, పెన్సిలుతో సహా స్టూరె ఒళ్ళో పెట్టాడు.

"నాకింక అక్కర్లేదు. నువ్వు దాచుకో, నీకు దాచడం అలవాటు." కోటు వేసుకుని బయటికి వెళ్ళి, కూతురికి ఫోన్ చేసి కారు తాళాలు తెమ్మన్నాడు.

స్టూరె మొదటి పేజీ తీశాడు. పైన తను నేర్పిన వరసలోనే ఉంది, సంవత్సరం, వారం, రోజు. 2020, మూడో వారం, ఆరో రోజు. దాని కింద పెద్దపెద్ద అక్షరాలతో, మరిచిపోతానన్న భయంతో రెండుసార్లు దిద్ది, సిక్స్‌టెన్ ఇలా రాసుకున్నాడు: "నీకు గుర్తున్నది నమ్మకు. స్టూరెని అడుగు."