వానా ఎండా రెండూ అడిగిన అమ్మ

విరుదునగర్ పెద్ద చర్చిలో మా అమ్మ చేసిన ప్రార్థన నేనే రాసిచ్చానని కోవిల్‌పట్టిలో మా వీధంతా నమ్ముతోంది. పోయిన ఆదివారం కూడా ఒకాయన నా భుజం తట్టాడు. సిగ్గేసింది. జరిగింది చెప్పేస్తాను.

అమ్మ పుట్టిల్లు విరుదునగర్. చర్చి పండగకి ఏటా వెళ్తాం. నిరుడు పండగ పూజలో ఒక ప్రార్థన తెలుగులో ఉండాలని ఫాదర్ అమ్మను అడిగారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం మాట్లాడే కుటుంబాలు మావి. ఆ చర్చిలో మా భాష ఏనాడూ వినపడలేదు. అమ్మ సంబరం చూడాలి! ఫ్యాక్టరీలో అగ్గిపెట్టెలు అంటిస్తూ కూడా పెదవులు కదిపేదట.

నాకు మాత్రం భయం. అగ్గిపెట్టెల సరుకు అమ్మడానికి నెల్లూరు వైపు తిరిగి, అక్కడే తెలుగు చదవడం నేర్చుకున్నాను. మా మాట విని అక్కడివాళ్లు నవ్వడం ఎరుగుదును. అందుకే అక్కడి స్నేహితుడి చేత గంభీరంగా నాలుగు వాక్యాలు రాయించి, అమ్మ చేత వల్లె వేయించాను.

"మన మాట్లో అడిగితే ఆండవరుకి అర్తం కాదంటనా?" అంది అమ్మ.

"దేవుడికి అర్తమవతాదిమ్మా. మైకులో వినేవాళ్లు నవ్వుతారు."

"నవ్వితే నీ పళ్లేమన్నా రాలతాయా?" అంది పక్కనే ఉన్న మా చిన్నమ్మ.

పండగనాడు బస్సు దిగి, మిరపకాయల మండీల మధ్య తుమ్ముకుంటూ పరుగెత్తాం. గంటలు మొదలయ్యాయి! లోపల అడుగు పెట్టగానే ఎప్పటిలాగే నా తల పైకి లేచింది. జోడించిన చేతుల్లా కొనదేలిన కమానులు, రంగు అద్దాల్లోంచి జనం తలల మీద పడుతున్న ఎరుపూ నీలమూ.

అమ్మ మైకు ముందు నిలబడి "సర్వోన్నతుడవైన..." అంది. ఆ మాట కప్పుదాకా పోయి తిరిగొచ్చింది. అమ్మ ఆగిపోయింది. నేను ముందు వరసలోంచి పెదవులతో తర్వాతి మాట అందించాను. నన్ను చూసి, చూపు తిప్పేసుకుంది. కొంగు బిగించింది.

"ఆండవరా, శేనుకి వాన కావల్ల. మా అగ్గిపుల్లలు ఆరను ఎండ కావల్ల. రెండూ ఎట్ల ఇస్తావో నీకే తెలుసు. ఎవురి పొయ్యీ ఆరనీయొద్దు సామీ."

ఆడవాళ్ల వరసల్లో నవ్వు లేచింది. సొంత ఇంటి మాట విన్న నవ్వు. వెంటనే జనమంతా అరవంలో "మా మొర ఆలకించండి ప్రభూ" అన్నారు. కమానులు దాన్ని రెట్టింపు చేసి తిరిగిచ్చాయి.

బయట మా వీధివాళ్ల ముందే ఫాదర్ నా చెయ్యి పట్టుకుని, "ఎంత బాగా రాశావయ్యా!" అన్నారు. అమ్మ పక్కనే ఉంది. నేను "ఏదో, ఫాదర్" అని నవ్వాను. బస్సులో అమ్మ, "వాన పడినా నీ పేరే చెప్తారులే" అని కిటికీ వైపు తిరిగింది.

ఈ ఏడు ఇంకో ప్రార్థన రాయమని ఫాదర్ ఇవాళ ఫోన్ చేశారు. నిజం చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వారు.

"అయితే ఈసారి నువ్వు చివరి వరసలో కూర్చో."

కూర్చుంటాను. అమ్మ అక్కడికీ వినపడుతుంది.