పెద్దకర్మ కార్డూ, మా పాత కంప్యూటరూ

భిలాయిలోని కోహ్కాలో మా ఇంటి ముందుగదిలో ఉన్న కంప్యూటరు స్విచ్చి నొక్కి నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. పప్పు కడిగి కుక్కరెక్కించి, గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే తెరమీద నీలం చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఫైలు తెరవమని చెప్పి బట్టలు ఆరేసి వచ్చేదాన్ని. ప్రింటు ఇచ్చి కూరగాయల బండి దాకా వెళ్లొచ్చేదాన్ని. చూసేవాళ్లకి ఓపికలా కనబడేది కాబోలు. నాకు మాత్రం ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. మౌసు నొక్కిన చోటే మళ్లీ నొక్కి, దాన్ని ఇంకా బిగుసుకుపోయేలా చేసేదాన్ని.

పెళ్లికి ముందు విజయనగరంలో నేను డీటీపీ నేర్చుకున్నాను. భిలాయిలో మనవాళ్లు చాలామందే ఉన్నారు కానీ తెలుగు అక్షరాలు కొట్టేవాళ్లు తక్కువ. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవమంటే తడుముకుంటారు. అందుకని శుభలేఖలు, గృహప్రవేశం పిలుపులు, అమ్మవారి పండగ కరపత్రాలు నా దగ్గరికి వచ్చేవి. నేను నేర్చుకున్న పాత తెలుగు సాఫ్ట్‌వేరు ఆ కంప్యూటరులోనే ఉంది. దాని సీడీ ఎప్పుడో పోయింది. అందులో చేసిన పని ఇంకో కంప్యూటరులో తెరిస్తే ఒక్క అక్షరం కూడా అక్షరంలా కనబడదు.

"ఛోడ్ నా, వదిలెయ్, కొత్తది తీసుకుందాం" అనేవాడు మా ఆయన. ఆయన పుట్టింది ఇక్కడే, ఉక్కు ప్లాంటులో ఉద్యోగం. "ఫోన్లో కూడా తెలుగొస్తుంది కదా, అందులో కొట్టిచ్చెయ్."

అదీ చేసి చూశాను. ప్రెస్సువాడి కంప్యూటరులోకి వెళ్లేసరికి ఒత్తులన్నీ ఊడిపోయి పక్కన నిలబడ్డాయి. ఆ కాగితం చూపించాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ వానాకాలం చివర్లో, ఊళ్లోనే క్యాంప్ 1 అనే పేటలో ఉండే పెద్ద మావయ్య పోయారు. మా మావగారికి వరసకి అన్నగారు. చాలాకాలంగా మంచంలోనే ఉన్నారు. రెండు రోజులు గడిచాక ఆయన తమ్ముడు మా ఇంటికి వచ్చారు. అన్నలాగే ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి, నేను చిన్న మావయ్యా అని పిలుస్తాను. సైకిలు స్టాండు వేయకుండా గోడకి ఆనించేసి లోపలికి వచ్చారు.

"అమ్మా, పెద్దకర్మ కార్డు నువ్వే కొట్టాల. మా ఇంట్లో పెళ్లికార్డులన్నీ నువ్వు కొట్టినియ్యే. అలాటి అక్షరాలే ఉండాల అన్నియ్యకి కూడా."

"కూర్చోండి మావయ్యా. కంప్యూటరు కొంచెం నెమ్మదిగా ఉంది."

"పర్లేదు. నాకేటి తొందర" అన్నారు. కానీ కూర్చోలేదు. గుమ్మం దాకా వెళ్లి రోడ్డు చూసి వచ్చారు. నా కుర్చీ వెనక నిలబడి తెర చూశారు. మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లారు. ఇటు చక్రం, అటు ఆయన. మధ్యలో కూర్చున్న నాకు ఎవరిని చూడాలో తెలియలేదు.

సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. మొదటి వాక్యం కొట్టాను. రెండో వాక్యం మధ్యలో అంతా ఆగిపోయింది. నేను కొట్టినవి కాసేపు కనబడక, తర్వాత ఒక్కసారిగా వచ్చి పడేవి. ఒకే అక్షరం నాలుగైదుసార్లు పడింది. చివరికి తెర తెల్లగా అయిపోయింది.

"రేపు రండి మావయ్యా. ఈలోగా దీన్ని బాగుచేస్తాను" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు.

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాను. ఫోన్లో ఒక హిందీ వీడియో పెట్టుకుని, అతను చెప్పినట్టు టాస్క్ మేనేజర్ తెరిచాను. ఏ పని కంప్యూటరుని తినేస్తోందో అందులో కనబడుతుంది. డిస్కు అన్నచోట నూరు శాతం అని ఎర్రగా ఉంది. కంప్యూటరు ఆన్ అవగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములు వరసగా ఉన్నాయి, సగం నాకు తెలియనే తెలియవు. వాటిని ఒక్కొక్కటీ ఆపాను. యాంటీవైరస్‌లు రెండున్నాయి. ఒకటి మా ఆయన వేయించినది, ఇంకోటి ఎప్పుడో దానంతటదే వచ్చి చేరింది. అవి ఒకదాన్నొకటి అనుమానిస్తూ మొత్తం కంప్యూటరుని గాలిస్తున్నట్టున్నాయి. ఒకదాన్ని తీసేశాను. అది తీయడానికి పట్టిన సమయంలో నేను ఇల్లు తుడిచి, తడిగుడ్డ కూడా పెట్టేశాను.

మర్నాడు కంప్యూటరు డబ్బా విప్పాను. ఫ్యాను రెక్కలకి దుమ్ము దూదిలా చుట్టుకుని ఉంది. పెయింటు బ్రష్షుతో దులిపితే ముందుగది నిండిపోయింది. మెమరీ ముక్కని బయటికి తీసి, దాని పసుప్పచ్చ అంచుని రబ్బరుతో రుద్దమన్నాడు వీడియో అతను. రుద్ది, మళ్లీ నొక్కి పెట్టాను. ఆన్ చేస్తే తెర వెలగలేదు. కీ కీ అని అరుపు. తీసి, గట్టిగా నొక్కి, మళ్లీ పెట్టాను. ఈసారి వెలిగింది. ముందుకన్నా నయం, కుక్కరు మూడో కూతకే తెరుచుకుంది. నాలో నేనే నవ్వుకుని మావయ్యకి ఫోన్ చేశాను.

ఆయన వచ్చి, ఈసారి ముక్కాలిపీట అంచున కూర్చున్నారు. కార్డులో అన్నగారి గురించి ఏం రాయాలన్నది ఆయనకి తేలలేదు. ముందు "ప్లాంటులో పనిచేసి రిటైరైన" అని రాయమన్నారు. కొట్టాక తీసేయమన్నారు. శ్రీకాకుళం దగ్గరి ఊరి పేరు పెట్టమన్నారు. అదీ వద్దన్నారు.

"ప్లాంటు మాట ఉంటేనే బాగుంటుందేమో మావయ్యా, ఇక్కడివాళ్లకి తెలుస్తుంది."

"తెల్దేటి? క్యాంపులో అందరికీ తెలుసు" అన్నారు. తర్వాత తనే మొదలుపెట్టారు. "నన్ను తీసుకొచ్చినప్పుడు ఒకే గది, ఒకే మంచం. అన్నియ్య నైట్ డూటీ సేసి వొచ్చి తొంగునేవోడు. నాను పొద్దున్న డూటీకెల్లిపోదును. ఆడు లేస్తే నా వంతు. పెళ్లిల్లయ్యేదాకా అలగే. మంచం ఎప్పుడూ ఎచ్చగా ఉండేది. ఇప్పుడు ఇంట్లో ఎన్ని మంచాలున్నా నాకు నిద్దరట్టడం లేదమ్మా."

తెరవైపు తిరిగాను. అది ఆగిపోయి ఉంది. డబ్బాలోంచి టిక్కు, టిక్కు అని సన్నటి చప్పుడు. మౌసు కదల్లేదు, కీబోర్డు పలకలేదు. మావయ్య కూడా ఆ చప్పుడు విన్నారు.

"ఏటది?"

"తెలీదు మావయ్యా" అన్నాను. నాకు అప్పటికే భయం పట్టుకుంది.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి రాగానే బట్టలైనా మార్చుకోనివ్వలేదు. డబ్బాని ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాను. మార్కెట్లో కంప్యూటర్లు బాగుచేసే ఆయన దాన్ని విని తలాడించాడు. "హార్డ్‌డిస్క్ జా రహా హై, దీదీ" అన్నాడు. డిస్కు పోతోంది, నెమ్మది అంతా దానివల్లే, మిగతావి నేను చేసినవి తప్పేం కావుగానీ రోగం అక్కడ లేదని చెప్పాడు. లోపల తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్కు వేస్తే కంప్యూటరు మళ్లీ పరిగెడుతుందట. పాతదాంట్లోవి కొత్తదాంట్లోకి ఎక్కించే ప్రయత్నం చేస్తానన్నాడు, హామీ ఇవ్వనన్నాడు.

రెండు రోజులు నేను ఫోన్ చేతిలోంచి దించలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. డబ్బా లేని బల్ల మీద దుమ్ము తుడిచి, మళ్లీ తుడిచాను. మావయ్య రోజూ వస్తున్నారు. గేటు దగ్గర నిలబడే "వొచ్చిందేటి?" అని అడిగి, రాలేదంటే అక్కడినుంచే సైకిలు తిప్పుకుని వెళ్లిపోయేవారు.

చివరికి షాపాయన ఫోన్ చేశాడు. ఫొటోలు వచ్చాయి, చాలా ఫైళ్లు వచ్చాయి. తెలుగు సాఫ్ట్‌వేరు ఉన్న చోట డిస్కు పాడైపోయింది, ఆ భాగం ఇక తెరుచుకోవడం లేదు. నేను అలాగే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ల శుభలేఖలు ఇక ఉత్త గీతలు. అంతకన్నా ముందు, కార్డు ప్రెస్సుకి వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది.

మావయ్య వచ్చాక గేటు దగ్గరే చెప్పాను. ఆయన విసుక్కుంటారనుకున్నాను. సైకిలు గోడకి ఆనించేసి లోపలికి వచ్చారు.

"సేత్తో రాసెయ్యమ్మా."

"చేత్తోనా? నా రాత బాగుండదు మావయ్యా. మీరు ఆ అక్షరాలే కావాలన్నారు కదా."

"రాసెయ్. అన్నియ్య సెప్తే ఇంటికి ఉత్తరాలు నానే రాసేవోణ్ణి. నా రాతకన్నా అన్నాయంగా ఉండదులే."

తెల్లకాగితం, నల్ల సిరా పెన్ను తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. కంప్యూటరులో కొట్టడం మొదలుపెట్టాక నేను చేత్తో రాసింది సరుకుల చీటీలే. మొదటి కాగితం మీద గీతలు వంకర్లు పోయాయి. రెండోదాని మీద సిరా అలుక్కుంది. మావయ్య వెనకే అటూ ఇటూ తిరుగుతున్నారు. అడుగుల చప్పుడుకి నా గీత పక్కకి పోతోంది, అయినా కూర్చోమనలేకపోయాను.

"అన్నగారి గురించి ఏం రాయమంటారు?"

ఆయన ఆగారు. ఈసారి తడుముకోలేదు. "మమ్మల్ని భిలాయి తీసుకొచ్చిన మా అన్నయ్య, అని రాయ్. ఇంకేటీ వొద్దు."

అదే రాశాను. ప్రెస్సువాడు కాగితాన్ని ఉన్నదున్నట్టు స్కాను చేసి కార్డులు తీశాడు. పెద్దకర్మ రోజున క్యాంపులో ఒక పెద్దావిడ కార్డు చేతిలో పట్టుకుని, "ఇది ఎవరి సేతిరాత?" అని అడిగింది. మావయ్య నావైపు చూపించారు. సిగ్గుతో వంటల దగ్గరికి వెళ్లిపోయాను.

కంప్యూటరు తిరిగి వచ్చింది. స్విచ్చి నొక్కి వంటింటివైపు రెండడుగులు వేసేసరికి తెర వెలిగి ఉంది. సంతోషపడాలి. కానీ ఇప్పుడు ఆలస్యమంతా నాది. కొత్తరకం తెలుగు కీబోర్డు నేర్చుకుంటున్నాను. నా వేళ్లు పాత చోట్లకే వెళతాయి. "క" కొడదామంటే ఇంకేదో పడుతుంది. తెర నాకోసం కాచుక్కూర్చున్నట్టుంటే చిరాకొచ్చి లేచిపోతాను, మళ్లీ వచ్చి కూర్చుంటాను.

ఒక మధ్యాహ్నం మావయ్య వచ్చారు. "బాగైందటగా, ఏదీ సూపించు" అన్నారు. ఆన్ చేశాను.

"అప్పుడే అయిపోనాదేటి?"

"అయిపోయింది మావయ్యా."

ఆయన తెరనీ నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత మెల్లిగా, "ఏటైనా పనుంటే సెప్పమ్మా. ఇంటికాడ తోచట్లేదు" అన్నారు.

అమ్మవారి పండగ కరపత్రం ఒకటి కొట్టవలసి ఉంది. కాగితం ఆయన చేతికిచ్చి, నెమ్మదిగా పైకి చదవమన్నాను. ఆయన ఒక వాక్యం చదివేవారు, నేను వెతుక్కుంటూ కొట్టేదాన్ని. మధ్యలో లేచి గేటు దాకా వెళ్లి రోడ్డు చూసి వచ్చి, "ఎంతవరకొచ్చినాం?" అని అడిగేవారు. నేను వేలితో చూపిస్తే, అక్కడినుంచి అందుకునేవారు.