ఆకుపచ్చ సిరాతో వేసిన రెండు మార్కులు

2011లో నేను జనగామలోని ఒక డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడిని. అంతకుముందు మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో పనిచేశాను. మూడు చోట్లా ఒకే పాఠం చెప్పాను. ఒకే పాఠం అనడంలో అతిశయోక్తి లేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది రాసుకున్న నోట్సునే ఊరూరా వెంటబెట్టుకు తిరిగాను. చివరికి దాన్ని చూడకుండానే అప్పజెప్పే స్థితికి వచ్చి, అదే గొప్పనుకున్నాను.

ఆ ఏడాది ఎవరికీ కుదురు లేదు. తెలంగాణ ఇస్తారని పొద్దున ఒకరంటే, ఇవ్వరని మధ్యాహ్నం ఇంకొకరనేవారు. స్టాఫ్ రూములో టీవీ కట్టేస్తే ఫోన్లు మోగేవి. రేపు బస్సులు నడుస్తాయో లేదో ఇవాళ సాయంత్రం దాకా తెలిసేది కాదు. ఆ వేసవిలోనే వరంగల్‌లో డిగ్రీ చివరి ఏడాది పేపర్ల స్పాట్ వాల్యుయేషన్ జరిగింది.

స్పాట్ అంటే అధ్యాపకులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి జవాబుపత్రాలు దిద్దించడం. విద్యార్థి పేరున్న ముక్కను ముందే చించి కోడ్ నంబరు వేస్తారు. ఎగ్జామినర్లు ఎర్ర సిరాతో దిద్దుతారు. వాళ్ల మీద ఉండే చీఫ్ ఎగ్జామినర్ ప్రతి కట్టలోంచి కొన్ని పేపర్లు తీసి మళ్లీ చూస్తాడు. అవసరమనుకుంటే ఆకుపచ్చ సిరాతో మార్కులు మారుస్తాడు. ఆకుపచ్చదే ఆఖరి మాట. ఆ ఏడాది చీఫ్‌ను నేనే. ఏ జవాబుకు ఎన్ని మార్కులో చెప్పే ‘కీ’ తయారు చేసిందీ నేనే.

అందులో పది మార్కుల ప్రశ్న ఒకటి ఉంది. కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునే పద్ధతి వేర్వేరు జీవుల్లో ఎట్లా మారుతుందో రాయాలి. నా కీలో రెండే గడులు: కేంద్రకం లేని జీవులు ఒకవైపు, ఉన్నవి మరోవైపు. బాక్టీరియా డీఎన్‌ఏ సాధారణంగా గుండ్రటిది. నకలు ఒకే చోట మొదలై రెండు దిక్కులా సాగుతుంది. మనలాంటి జీవుల డీఎన్‌ఏ కొసలున్న పొడుగు దారం. నకలు ఎన్నో చోట్ల మొదలవుతుంది. ఇవి కాక ఆర్కియా అని ఇంకో వర్గం ఉంది. ఉడుకు నీటి బుగ్గల్లో, ఉప్పు మడుల్లో, పశువుల పొట్టలో కూడా బతుకుతాయి. వాటికీ కేంద్రకం లేదు గనుక బాక్టీరియా గడిలోనే పడేశాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం, మరునాడు బంద్ అని కబురొచ్చింది. అందరం కట్టలు ముగించే తొందరలో పడ్డాం. అప్పుడు నా చేతికొచ్చిన ఒక పేపర్లో మూడు గడులు కనిపించాయి. ఆర్కియాకు విడిగా గడి గీసి, అందులో మనలాంటి జీవుల ప్రోటీన్ల పేర్లు రాసి ఉన్నాయి. ఎగ్జామినర్ ఏడు మార్కులు వేశాడు. ఇంత కలగాపులగం చేస్తే ఏడెట్లా వేశావని ఆయన మీద విసుక్కున్నాను.

“కొత్త పుస్తకాల్ల గిట్ల ఉన్నదేమో సార్,” అన్నాడు మెల్లగా.

కీలో లేదు కదా అన్నాను. ఏడు కొట్టేసి రెండు వేశాను. బస్సు దొరికింది.

వానలు తగ్గుముఖం పడుతుండగా తెలంగాణ కోసం ఉద్యోగుల సమ్మె మొదలైంది. అధ్యాపకులమూ అందులో ఉన్నాం. జనగామలో రోడ్డు పక్కన శిబిరం వేసుకున్నాం. ఒక మంగళవారం వంటా వార్పు చేశాం. నిరసనగా రోడ్డు మీదే వరసగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తినడం. ఆ పొగలో కళ్లు నులుముకుంటూ సరిత వచ్చింది. నర్మెట్ట అవతలి తండా పిల్ల, నా దగ్గరే డిగ్రీ చదివింది. చేతిలో జవాబుపత్రం జిరాక్సు ఉంది. దరఖాస్తు పెట్టి తెప్పించుకుందట.

“సార్, మూడు మార్కులతోని ఫెయిలైన. హైదరాబాద్ల ఎమ్మెస్సీ సీటొచ్చింది. శనారం లోపట పాస్ మెమో ఇయ్యకుంటే సీటు పోతది. దీంట్ల ఏం తప్పు రాసిన్నో జర చూసి చెప్పున్రి.”

సీటిచ్చిన ఆ సంస్థ కేంద్రానిది, మన సమ్మెతో దానికి పనిలేదు, దాని గడువు దానిది. పేజీ తిప్పాను. మూడు గడులు. జిరాక్సులో ఆకుపచ్చ నల్లగా పడింది గానీ, తోక తిప్పి వేసిన ఆ ‘2’ అంకె నాదే. ఇదెక్కడ చదివావని అడిగాను. మన లైబ్రరీ పుస్తకమే అంది. దాన్ని కొనమని ఇండెంటు పెట్టింది నేనే. తెప్పించి, ఒక్కసారీ తెరవలేదు.

నాకు ఒళ్లు మండింది. నా మీద నాకే అని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి మొదట ఆ పిల్ల మీదే. అయితే చెప్పు చూద్దాం అన్నాను. ఆమె పొయ్యిల వరస చూపించింది.

“ఒక్క పొయ్యి మీద ఊరందరికి వండితె బాక్టీరియా సార్. గిట్ల రోడ్డు పొడుగుత పొయ్యిలు పెడితె మనం. ఆర్కియాకు గిన్ని ఉండయి, ఒకటో మూడో ఉంటయి. గానీ గిన్నె, గరిట మాత్రం మనయసొంటియే.”

తరువాత బొగ్గుముక్కతో రోడ్డు మీద గీసింది. నకలు మొదలుపెట్టే చోటును గుర్తుపట్టే ప్రోటీను, రెండు పోగులను విడదీసే యంత్రం, నకలు తీసే ఎంజైము జారిపోకుండా పట్టి ఉంచే ఉంగరం, ఇవన్నీ ఆర్కియాలో మన వాటికి చుట్టాలు. ఒక పోగును కణం ముక్కలుగా తయారు చేసి అతికిస్తుంది కదా, బాక్టీరియాలో ఆ ముక్కలు పొడుగు, ఆర్కియాలోనూ మనలోనూ పొట్టి. ఇల్లు చూస్తే బాక్టీరియా ఇల్లే, లోపలి పనిముట్లు వేరు. నేను ఇల్లు చూసి మార్కులు కోశాను.

ఆ రెండు మార్కులు వేసింది నేనే అని చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

“నాకెరుకే సార్. మా ప్రాక్టికల్ రికార్డు బుక్కులల్ల రెండు గిట్లనే ఏస్తరు గద. మీరు జెప్తరా లేదా అని జూసిన.”

కీలో లోపముందని చీఫ్ ఎగ్జామినర్ సంతకంతో పరీక్షల విభాగానికి రాస్తే ఆ జవాబును మళ్లీ చూస్తారు. కానీ సమ్మె ముగిసేదాకా ఏ అధికారిక కాగితం మీదా సంతకం పెట్టబోమని అందరం ప్రమాణం చేశాం. శిబిరం నడిపే ఫిజిక్స్ అధ్యాపకుడు యాదగిరి నాకు తమ్ముడిలాంటివాడు. విషయం వినగానే నెత్తి పట్టుకున్నాడు.

“నువ్వే పెడితె రేపు మిగిలినోళ్లకు నేనేం జెప్పాలె అన్నా?”

అతని మాటా తప్పు కాదు. మంగళవారం సాయంత్రం ఉత్తరం రాశాను, చించేశాను. బుధవారమంతా టెంటుకూ టీ బండికీ మధ్య తిరిగాను. ప్రమాణం కోసమే ఆగానని అప్పుడు అనుకున్నాను. నా తప్పు నలుగురికీ తెలుస్తుందన్న భయం అందులో సగం. గురువారం పొద్దుపోయాక సంతకం పెట్టి యాదగిరికి చూపించాను. అతను చదివి, పోయిరమ్మని తన బండి తాళం చేతిలో పెట్టాడు.

శుక్రవారం వరంగల్ దారిలో ప్రతి ఊరి దగ్గరా రాస్తారోకో. ఆపిన ప్రతిచోటా దిగి సంగతి చెప్పుకున్నాను. చేరేసరికి కౌంటరు మూసి ఉంది. ఒక్కరోజు ముందు దాకా ఒక సూపరింటెండెంటు వచ్చి అత్యవసర కాగితాలు తీసుకున్నాడని, ఇవాళ్టి నుంచి ఆయనా సమ్మెలో చేరాడని వాచ్‌మన్ చెప్పాడు. ఉత్తరాన్ని గుమ్మం దగ్గరి పెట్టెలో వేసి వచ్చాను.

సమ్మె ముగిశాక మార్కులు సరిచేశారు. కొట్టేసిన ఏడు మార్కులూ తిరిగి వచ్చాయి. సీటు అప్పటికే ఇంకొకరికి పోయింది. మరుసటేడు సరితకు వేరేచోట సీటు దొరికింది గానీ, ఆ ఒక్క ఏడాదీ తొర్రూరులో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పింది. మెమో తీసుకోవడానికి వచ్చిన రోజు నన్ను ఒక్కటే అడిగింది.

“నేను జిరాక్స్ తెచ్చుకున్న గాబట్టి దొరికింది సార్. తెచ్చుకోనోళ్లయి?”

కట్టలన్నీ మళ్లీ తీయించమని రాశాను. దరఖాస్తు చేసుకున్నవారివి తప్ప తీయడం నిబంధనల్లో లేదని జవాబు వచ్చింది. పదవీ విరమణ దాకా ఆ తరువాత ఏ కీ రాసినా ముందు కొత్త పుస్తకం చదివాను. ఎర్ర సిరాను కొట్టేసే ముందు, ఎందుకు వేశావని ఎగ్జామినర్‌ను అడిగి జవాబు విన్నాను. ఇవి ఉద్యోగంలో చేరిన రోజునే తెలియాల్సిన పనులు. ఆ ఏడాది కట్టల్లో మూడో గడి గీసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే, తామే తప్పు రాశామని వాళ్లు ఈనాటికీ అనుకుంటూ ఉంటారు.