కార్డు మీద పట్టే కథలు

కాగితం సరిగా దొరకని రోజుల్లో మేం ముగ్గురం పోస్టుకార్డు మీద పట్టే కథలు రాసేవాళ్లం. నేను సికింద్రాబాద్‌లో రైల్వే గుమాస్తాని. రెండో ఆమె మిషన్ బడిలో తెలుగు చెప్పే టీచరమ్మ, కోస్తా నుంచి వచ్చి రాంగోపాల్‌పేట్‌లో స్థిరపడిన క్రైస్తవురాలు. మూడో అతను మౌలాలి రైల్వే కాలనీలో ఉండే ఫిట్టరు, ముసల్మాను. చిన్నప్పుడు చదివింది ఉర్దూ; తెలుగు రాయడం తోటి పనివాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. మా ముగ్గురిలో బాగా రాసేది అతనే.

ఆదివారం చర్చి అయ్యాక టీచరమ్మ ఇంటి వసారాలో కూర్చునేవాళ్లం. ఒకరి కార్డు ఇంకొకరు చదివి, అక్కర్లేని మాటల్ని పెన్సిలుతో కొట్టేయాలి. రాసినవాళ్లు ఎదురు చెప్పకూడదు. నా కథల్లో సగం పోయేది. ఒకసారి ఫిట్టరు నా ముగింపు మొత్తం కొట్టేసి, "గీడికే అయిపోయింది గదన్నా," అన్నాడు. నిజమే.

నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చిన పోలీసు చర్యకు ముందు, నగరం మీద విమానాలు బాంబులు వేస్తాయని పుకారు పుట్టింది. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఏం చేయాలో తోచక ఫిట్టరు నన్నడిగాడు. బీదరు వైపు అతని సొంతూరు. తల్లీ తమ్ముడూ అక్కడే. పల్లెటూళ్లో భయమేముంది, పంపించెయ్ అన్నాను. పంపాడు.

మా మీద బాంబులు పడలేదు. కొద్ది రోజుల్లో అంతా ముగిసిందన్నారు. పల్లెల నుంచి, ముసల్మానుల మీద జరిగిన దాడుల కబుర్లు రావడానికి మాత్రం వారాలు పట్టింది. ఫిట్టరు సెలవు పెట్టి ఊరికి వెళ్లాడు.

తిరిగొచ్చాక ఆదివారం ఎప్పట్లాగే వసారాలోకి వచ్చి, టీచరమ్మ చేతికి కార్డిచ్చాడు. అందులో ఐదు పేర్లు, పక్కన వయసులు. ఆఖరి పేరు పక్కన మూడు. కింద "బావిల" అని ఒక్క మాట.

"ఏది ఎక్కువుందో కొట్టేయుండ్రి టీచరమ్మా," అన్నాడు.

ఆమె పెన్సిలు ముట్టుకోలేదు. ఒక్కో పేరు దగ్గర ఆగుతూ ఐదింటినీ పైకి చదివింది. అతను తల వంచుకుని విన్నాడు. పంపమన్నది నేనే కదా అని ఎలాగో అనగలిగాను.

"నువ్ చెప్పకున్నా పంపేటోన్నే అన్నా," అన్నాడు. నా మొహం చూడలేదు.

అతన్ని అడిగి టీచరమ్మ ఆ కార్డుకు నకలు రాసి, కోస్తాలోని ఒక పత్రికకు పంపింది. ఇందులో కథ లేదని, వీళ్లెవరో, ఏం జరిగిందో వివరిస్తే పరిశీలిస్తామని జవాబొచ్చింది. ఆమె ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టింది. ఫిట్టరుకు చెప్పలేదు. అప్పటికే అతను రావడం మానేసి, వాడీ జంక్షనుకు బదిలీ చేయించుకున్నాడు.

మేమిద్దరం ఇంకో రెండు ఆదివారాలు కూర్చున్నాం. ఇద్దరి కార్డులూ ఖాళీ. ఆ తర్వాత నేను వెళ్లలేదు.

చలికాలంలో అతని ఉత్తరం వచ్చింది. ఒంట్లో బాగానే ఉందట. ఆదివారాలు ఇంకా కూర్చుంటున్నారా అని అడిగాడు. కూర్చుంటున్నామనే రాశాను.